ఎవరబ్బాయివి? – వినుకొండ సైకిలు కథ

ఆ మధ్య వినుకొండ వెళ్ళినప్పుడు ఒక కొత్త సైకిళ్ళ దుకాణం కనిపించింది. అద్దాల తలుపు, లోపల చల్లని వెలుతురు, గోడకు వేలాడదీసిన లావు టైర్ల సైకిళ్ళు. కుతూహలం కొద్దీ లోపలికి వెళ్ళాను. కౌంటరు దగ్గరి కుర్రవాడు మర్యాదగా లేచి, "ఎన్ని గేర్లది చూపించమంటారు సార్?" అని అడిగాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఎందుకంటే ఇదే ఊళ్ళో నలభయ్యేళ్ళ కిందట సైకిళ్ళ షాపు ముందు నిలబడ్డప్పుడు నన్ను అడిగిన మొదటి ప్రశ్న వేరు. "ఎవరబ్బాయివి?"

ఈ రెండు ప్రశ్నల మధ్య ఉన్న దూరమే నా దృష్టిలో మా ఊరి సైకిలు చరిత్ర. సైకిలును కనిపెట్టినవాళ్ళ గురించీ, తయారుచేసినవాళ్ళ గురించీ పుస్తకాలున్నాయి. దాన్ని అద్దెకిచ్చినవాళ్ళ గురించి, అద్దెకు తీసుకున్నవాళ్ళ గురించి ఎవరూ పెద్దగా రాసినట్టు లేదు. అందుకే ఈ ప్రయత్నం.

* * *

ముందుగా కొంచెం పెద్ద కథ. ఇప్పుడు మనం చూస్తున్న రూపంలో, రెండు సమానమైన చక్రాలతో, వెనక చక్రానికి గొలుసుతో సైకిలు స్థిరపడింది 1885 లో, ఇంగ్లండులో స్టార్లీ చేసిన రోవర్‌తో. 1888 లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. ఆ తరవాత రాలీ, హెర్క్యులిస్, బి.ఎస్.ఎ., ఫిలిప్స్, హంబర్ వంటి సీమ సైకిళ్ళు ఓడలెక్కి మన దేశానికి వచ్చాయి. నిఘంటుకారులు దీనికి 'ద్విచక్రి' అని ముచ్చటైన పేరు పెట్టారు కానీ, నిఘంటువు బయట ఆ పేరుతో పిలిచినవాడిని నేనింతవరకూ చూడలేదు. జనం నోట అది సైకిలే.

రెండో ప్రపంచయుద్ధం సైకిలుకు ఒక విచిత్రమైన పరిస్థితి తెచ్చిపెట్టింది. 1941 డిసెంబరులో జపాను సైన్యం మలయాలో దిగి, చాలామటుకు సైకిళ్ళ మీదనే అడవి దారులు దాటుకుంటూ దక్షిణానికి సాగింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయింది. మలయా రబ్బరు తోటలు జపాను వశమయ్యాయి. ఫలితంగా మిత్రరాజ్యాలన్నిటా రబ్బరు కరవు. అంటే సైకిళ్ళ మీద నడిచిన ఒక యుద్ధం ప్రపంచంలో సగం సైకిళ్ళకు టైర్లు దొరకకుండా చేసింది! పాత టైరు చిరిగితే లోపల ఇంకో టైరు ముక్క వేసి కుట్టి నడిపే విద్య మన మెకానిక్కులకు కరవు కాలాలు నేర్పినదే.

స్వాతంత్ర్యం తరవాత సైకిలు స్వదేశీ అయింది. మద్రాసు దగ్గర అంబత్తూరులో మురుగప్ప వారి టి.ఐ. సైకిల్స్, అసన్సోలులో సేన్-రాలీ, 1951 లో సోనీపత్‌లో అట్లాస్, 1956 లో లూధియానాలో హీరో. వీటిలో హీరో వారి కథ చెప్పుకోదగ్గది. ఇప్పటి పాకిస్తానులో ఉన్న కమాలియా నుంచి వచ్చిన ముంజాల్ సోదరులు లూధియానాలో మొదట సైకిలు విడిభాగాలు అమ్ముకుని, తరవాత సైకిళ్ళే చేశారు. 1986 నాటికి ప్రపంచంలో అత్యధికంగా సైకిళ్ళు తయారుచేసే సంస్థగా గిన్నిస్ పుస్తకానికెక్కారు. కూడబెట్టిన డబ్బుతో ఒక రైతు బతికి ఉండగా తన పేర కొనుక్కోగలిగిన మొదటి యంత్రం ఈ సైకిలే అనిపిస్తుంది నాకు. పెళ్ళిమాటల్లో వాచీ, రేడియోల సరసన సైకిలు చేరడం ఆ రోజుల్లోనే.

* * *

ఇక మా ఊరు. సీతమ్మవారిని రావణుడు ఎత్తుకుపోయాడన్న వార్త రాములవారు 'విన్న కొండ' కనుక వినుకొండ అని స్థలపురాణం. అంటే ఈ ఊరి పేరులోనే ఒక వార్త, దాన్ని మోసుకొచ్చినవాడూ ఉన్నారు. పంతొమ్మిదో శతాబ్దం చివరి దశకాలలోనే మీటరు గేజి రైలు వచ్చింది. గుంటూరు వెళ్ళవచ్చు, నంద్యాల వెళ్ళవచ్చు. కానీ రైలు దిగినవాడు తన పల్లెకు చేరడానికి కాలినడకో, ఎద్దుబండో తప్ప మూడో దారి లేదు. వాగులు, గుట్టలు, వర్షాధారపు చేలు. రైలుస్టేషను నుంచి ఇంటిగడప వరకూ ఉన్న ఆ ఐదారు మైళ్ళను పూడ్చింది సైకిలు.

అయితే పల్నాటి నేల సైకిలుకు అంత సుముఖమైనది కాదు. దారి పొడుగునా పల్లేరుగాయలు, తుమ్మముళ్ళు. మా ప్రాంతంలో పంక్చరు షాపులు ఎక్కువగా ఎందుకుండేవని ఎవరైనా అడిగితే, సమాధానం కోసం చరిత్ర పుటలు తిరగెయ్యనక్కరలేదు, రోడ్డుపక్కకు చూస్తే చాలు. ఆ తరవాత నాగార్జునసాగర్ వచ్చింది. 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగితే 1967 లో కాలువలకు నీళ్ళు వదిలారు. కుడికాలువ నీళ్ళు తగిలిన చోటల్లా పంటలు మారాయి, చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. కాలువ గట్లు చదునైన దారులయ్యాయి. ఆ గట్ల మీద సైకిళ్ళు బారులు తీరాయి. వెనక క్యారేజీకి రెండు వైపులా పాలక్యాన్లు, ఐసుఫ్రూటు పెట్టె, చీరల మూట, స్టీలు సామాను గంప, పోస్టుమాను సంచి, ఆరెంపీ డాక్టరుగారి తోలుపెట్టె. మా పల్లెకు బయటి ప్రపంచమంతా సైకిలు క్యారేజీ మీదే వచ్చేది.

* * *

సైకిలు కొనుక్కోగలిగినవాళ్ళ కంటే అద్దెకు తీసుకునేవాళ్ళే ఎక్కువ. నేను చదువుకున్న 1980 ల తొలినాళ్ళలో గంటకు అర్ధరూపాయి. షాపు నడిపే సాయిబుగారి దగ్గర పదో పన్నెండో సైకిళ్ళుండేవి. ప్రతిదాని వెనక మడ్‌గార్డు మీద తెల్లరంగుతో అంకె. కొన్నిటికి బెల్లు తప్ప అన్నీ మోగేవి. పిల్లల కోసం రెండు చిన్న సైకిళ్ళు. అవి దొరకనివాళ్ళు పెద్ద సైకిలు ఫ్రేము సందులోంచి కాలు దూర్చి, ఒక పక్కకు ఒరిగిపోయి తొక్కేవాళ్ళు. సీటు మీద కూర్చోవడమన్నది వయసుతో వచ్చే హోదా.

షాపు ముందు పాత టైర్లు వేలాడేవి. నేల మీద నీళ్ళ బేసిను. ట్యూబును అందులో ముంచి బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చూసి, చోటు గుర్తుపెట్టి, తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, అది కాస్త ఆరేదాకా ఓపిక పట్టి, ఆపైన ముక్క అతికించి సుత్తితో నాలుగు తట్లు తట్టేవారు సాయిబుగారు. ఆరనివ్వకుండా అతికిస్తే నిలవదు. తొందరపడే శిష్యులను ఆయన దగ్గరే కూర్చోబెట్టి ఊరికే చూడమనేవారు. ఏడాదికొకసారి సైకిలును మొత్తం విప్పి, కిరసనాయిలుతో కడిగి, బాల్సులు మార్చి, గ్రీజు పెట్టి, మళ్ళీ బిగించడాన్ని 'ఓవరాయిలింగు' అనేవాళ్ళు. రిమ్ము వంకర తియ్యడం అన్నిటికన్నా పెద్ద విద్య. చక్రాన్ని తిప్పుతూ, ఒక్కొక్క పుల్లనూ బిగిస్తూ వదులుతూ, కంటితోనే కొలత చూసేవారు.

ఇక ఖాతా పుస్తకం. గోడ గడియారం చూసి సైకిలు నెంబరు, తీసుకెళ్ళిన వేళ, పేరు రాసుకునేవారు. పేరుకు ముందు ఆ ప్రశ్న. "ఎవరబ్బాయివి?" ధరావతు లేదు, కాగితం లేదు, సంతకం లేదు. ఎవరబ్బాయివో చెప్పడమే హామీ. సైకిలు తిరిగి రాకపోతే ఎవరి ఇంటికి వెళ్ళాలో తెలిస్తే చాలు ఆయనకు. అంతకుమించి ఆ ప్రశ్నలో ఆయనకు మరే ఉద్దేశమూ లేదని నేనిప్పటికీ నమ్ముతాను. కానీ మన ఊళ్ళలో ఆ ప్రశ్నకు జవాబు చెబితే తండ్రి పేరొక్కటే బయటపడదు. పేట బయటపడుతుంది, కులం బయటపడుతుంది.

* * *

మా ఊరి నుంచి వినుకొండ బడికి నాతో వచ్చే స్నేహితుడొకడు ఉండేవాడు. ఊరి చివరి పల్లె వాడిది. వాళ్ళ నాన్న తాపీమేస్త్రి. సాయిబుగారి షాపుకు గోడ కట్టినవాడు ఆయనే కనుక ఆ పేరు చెబితే వాడికి సైకిలు ఇట్టే దొరికేది. ఒక ఆదివారం ఇద్దరం చెరొక సైకిలు అద్దెకు తీసుకుని మా ఊరు బయలుదేరాం. ఊళ్ళోకి వచ్చి పెద్దవీధి మొదట్లోకి చేరగానే వాడు సైకిలు దిగాడు. నేను తొక్కుకుంటూ ముందుకెళ్ళి, వెనక్కి తిరిగి చూశాను. వాడు హ్యాండిలు పట్టుకుని నడిపించుకుంటూ వస్తున్నాడు. వీధి దాటాక మళ్ళీ ఎక్కాడు. "ఎందుకు దిగావురా?" అంటే, "మా నాన్న ఇక్కడ దిగుతాడు. నేనూ దిగుతా" అన్నాడు, దారిలో గుంత ఉందని చెప్పినంత మామూలుగా.

కొన్ని వీధులలో కొందరు సైకిలెక్కి పోకూడదన్న కట్టుబాటు దక్షిణాదిన ఎన్నో పల్లెలలో ఉండేది. చెప్పులు చేతబట్టుకుని నడవాలన్న దానికి అది తమ్ముడు. చట్టంలో అది 1950 నాటికే రద్దయింది. రాజ్యాంగం పదిహేడో అధికరణం అంటరానితనాన్ని నిషేధించింది. అయితే చట్టం గుంటూరు నుంచి రైలులో వచ్చి వినుకొండలో దిగిందేమో కానీ, ఆ చివరి ఐదారు మైళ్ళు ఇంకా నడవవలసే ఉంది. నాకు ఇప్పటికీ గుచ్చుకునేది మరొకటి. వాడి అద్దె గంటలో ఆ నడిచిన నిమిషాలు కూడా ఉన్నాయి. తొక్కనివ్వని దారికి కూడా వాడు డబ్బు కట్టాడు. నేను వెనక్కి తిరిగి చూశాను తప్ప దిగలేదు.

వినుకొండ వాళ్ళకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. 1895 సెప్టెంబరు 28న ఈ ఊళ్ళో పుట్టిన గుర్రం జాషువా జీవితమంతా ఈ నడకే. 1941 నాటి 'గబ్బిలం'లో అరుంధతీసుతుడు కాశీలోని శివుడికి తన గోడు చెప్పుకోవడానికి వార్తాహరుడిని వెతుక్కుంటాడు. కాళిదాసు యక్షుడికి మేఘం దొరికింది, దమయంతికి హంస దొరికింది. ఇతనికి గబ్బిలమే దొరుకుతుంది, గుడిలోకి పోనిచ్చేది దాన్నే కనుక. ఎవరు ఏ దారిలో, ఏ వాహనం మీద పోవచ్చునన్న ప్రశ్నను ఇంతకంటే సూటిగా అడిగినవారు తెలుగులో మరొకరు లేరు.

* * *

జాషువా గారితో మా కథకు మరో లంకె ఉంది. అది సినిమా. 1915-16 లలో ఆయన రాజమండ్రిలో మూకీ సినిమాలకు వాచకుడిగా పనిచేశారు. తెర మీద బొమ్మ ఆడుతుంటే, కథనూ సంభాషణలనూ ప్రేక్షకులకు చదివి వినిపించే ఉద్యోగం. ఆ తరవాత టాకీలొచ్చాయి, టూరింగు టాకీసులొచ్చాయి. వాటి వెంటే సైకిళ్ళొచ్చాయి. పల్లెటూళ్ళలో రెండో ఆట ప్రేక్షకుడంటే సైకిలున్నవాడే. హాలు పక్కన సైకిలు స్టాండు. అంకె వేసిన బిళ్ళ ఒకటి హ్యాండిలుకు, ఒకటి మన చేతికి. ఆట వదిలాక డైనమో దీపాలు బారుగా నాలుగు దిక్కులకూ చీలిపోతుంటే, చెదిరిన మిణుగురుల్లా ఉండేవి. దీపం లేనివాళ్ళు దీపం ఉన్నవాడి వెనకే పోయేవారు, పోలీసు కంటబడకుండా. ఇద్దరెక్కితే తప్పు, దీపం లేకపోతే తప్పు. ఒకే ప్రింటును రెండు హాళ్ళలో ఆడించే చోట్ల రీళ్ళ పెట్టె అటూ ఇటూ మోసింది కూడా సైకిలే. అది పంక్చరైతే తెర మీద నాయకుడు ఆగిపోవలసిందే.

పోస్టర్లంటించే మనిషి కూడా సైకిలు మీదే వచ్చేవాడు. వెనక నిచ్చెన, హ్యాండిలుకు బంక డబ్బా. ఎన్నో ఏళ్ళ తరవాత డిసికా తీసిన 'బైసికిల్ థీవ్స్' చూసినప్పుడు నేను ఉలిక్కిపడింది ఇందుకే. 1948 నాటి ఆ ఇటలీ చిత్రంలో నాయకుడి ఉద్యోగం సరిగ్గా అదే, గోడలకు సినిమా పోస్టర్లు అంటించడం. సైకిలుంటేనే ఉద్యోగం. ఇంట్లోని దుప్పట్లు తాకట్టుపెట్టి భార్య సైకిలు విడిపిస్తుంది. మొదటి రోజే అది పోతుంది. 1952 లో మన దేశపు మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో దీన్ని ప్రదర్శించారు. ఆ ఉత్సవం బొంబాయితో మొదలై మద్రాసుకూ వచ్చింది. మరుసటి ఏడాదే బిమల్ రాయ్ 'దో బీఘా జమీన్' తీశారు. 2001 లో న్యూయార్కులో బ్రెంట్ బార్బర్ అనే ఆయన, తాను సైకిలు మీద పోతుండగా బస్సు గుద్దిన తరవాత, సైకిలు సినిమాలకే ఒక ఉత్సవం మొదలుపెట్టాడు. అది ఎన్నో దేశాలు తిరిగింది. వినుకొండకు రాలేదు కానీ, అక్కడ చూపదగ్గ బొమ్మలు మా ఊరి వీధుల్లో చాలానే ఆడాయి.

వాటిలో ఒకటి 'నాన్‌స్టాప్ సైకిలు'. ఈ తరం వారికి తెలియకపోవచ్చు. ఊరి నడుమ ఖాళీ స్థలంలో ఒక మనిషి మూడు రోజులో, వారం రోజులో సైకిలు దిగకుండా గుండ్రంగా తొక్కేవాడు. తిండి, స్నానం, గడ్డం గీసుకోవడం, అన్నీ సైకిలు మీదే. మైకులో పాటలు. సాయంత్రాలు ఛాతీ మీద ట్యూబులైట్లు పగలగొట్టుకోవడం, పళ్ళతో బరువు లాగడం. జనం రూపాయి నోట్లు చొక్కాకు గుచ్చేవారు. చివరి రోజు దండలు వేసి దింపేవారు. దిగాక అతని కాళ్ళు నేల మీద నిలిచేవి కావు. ఇరాన్ దర్శకుడు మొహ్సెన్ మఖ్మల్‌బాఫ్ 1980 ల చివర తీసిన 'ది సైక్లిస్ట్' చూస్తే అదంతా కళ్ళకు కడుతుంది. భార్య ఆసుపత్రి ఖర్చుల కోసం ఒక ఆఫ్ఘన్ శరణార్థి ఏడు రోజులు సైకిలు దిగకుండా తొక్కడానికి ఒప్పుకుంటాడు. చుట్టూ పందేలు, వ్యాపారాలు. గడువు ముగిసినా అతను దిగడు, తొక్కుతూనే ఉంటాడు. మా ఊరికొచ్చిన ఆ మనుషులు ఏ అప్పు తీర్చడానికి తొక్కారో మేమెవరం అడగలేదు. వాళ్ళను మాత్రం "ఎవరబ్బాయివి?" అని ఎవరూ అడగలేదు. ఆ వారం రోజులూ ఊరందరి మనిషే. దిగాక ఎవరికీ ఏమీ కాడు.

* * *

సైకిలు రాజకీయాల్లోకీ వచ్చింది. పుచ్చలపల్లి సుందరయ్యగారు పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళేవారన్నది తెలుగువాళ్ళు తరతరాలుగా చెప్పుకునే సంగతి. 1983 జనవరి ఎన్నికలకు తెలుగుదేశం గుర్తుగా సైకిలు ప్రతి గోడకూ ఎక్కింది. గోడమీది సైకిలు వర్ధిల్లుతున్న ఆ కాలంలోనే రోడ్డుమీది సైకిలు తగ్గడం మొదలైంది. 1980 లో టి.వి.ఎస్. 50 వచ్చింది. 1984 లో హీరో వారే జపాను హోండాతో చేయి కలిపారు. సైకిళ్ళు చేసి పైకొచ్చినవారే సైకిలెక్కేవాడిని మోటారుసైకిలు ఎక్కించారు. ఇక అద్దె షాపులు నిలబడలేకపోయాయి. 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం నాడు, సాహిబాబాదులోని అట్లాస్ కర్మాగారం మూతపడింది.

ఈ మధ్యలో ఆడపిల్లలు సైకిలెక్కారు. నా దృష్టిలో ఈ చరిత్రలో ఇదే గొప్ప మలుపు. 1990 ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం స్త్రీలకు చదువుతో పాటు సైకిలూ నేర్పింది. 2006 లో బీహారు ప్రభుత్వం హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్ళు ఇచ్చింది. బడిలో చేరే అమ్మాయిల సంఖ్య బాగా పెరిగిందనీ, ఆ పెరుగుదల బడికి దూరంగా ఉన్న ఊళ్ళలో ఎక్కువనీ తరవాత పరిశోధకులు లెక్కకట్టారు. 2017 ప్రాంతంలో మన ఆంధ్రప్రదేశ్‌లోనూ 'బడికొస్తా' పేరుతో ప్రభుత్వ పాఠశాలల అమ్మాయిలకు సైకిళ్ళు పంచారు.

నా స్నేహితుడి కూతురికి ఆ రోజుల్లో అలాగే ఒక సైకిలు వచ్చింది. ఆ అమ్మాయి రోజూ అదే పెద్దవీధి మీదుగా బడికి వెళ్ళేది. దిగేది కాదు. దిగడమన్నది ఒకటి ఉండేదని కూడా ఆమెకు తెలియదు. "చెప్పాలంటావా, వద్దంటావా?" అని వాడు నన్నొకసారి అడిగాడు. చెబితే తెలియని బరువొకటి ఆ పిల్ల క్యారేజీ మీద పెట్టినట్టవుతుంది. చెప్పకపోతే, దిగి నడిచిన వాళ్ళ తాత నడక ఎవరి లెక్కలోనూ లేకుండా పోతుంది. ఆ రోజు నేను జవాబు చెప్పలేకపోయాను. వీధిలో సైకిలు దిగనివాడికి ఆ విషయంలో సలహా ఇచ్చే అధికారం ఉందా అన్న సందేహం కూడా ఒక కారణం.

* * *

సాయిబుగారి షాపు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. ఆయన ఖాతా పుస్తకాలేమయ్యాయో ఎవరికీ తెలియదు, తూకానికి పోయి ఉంటాయి. నన్నడిగితే మా ఊరి అసలు చరిత్ర వాటిలోనే ఉంది. ఏ రోజున, ఏ వేళకు, ఎవరబ్బాయి, ఏ నెంబరు సైకిలు మీద, ఎంతసేపు ఊరు దాటి వెళ్ళాడో అందులో ఉండేది. ఎంత దూరం తొక్కాడో, ఎంత దూరం నడిచాడో మాత్రం ఉండేది కాదు.

కొత్త దుకాణం మీద నాకు ఫిర్యాదు లేదు. పొద్దున్నే కొండచుట్టూ సైకిలు తొక్కే కుర్రవాళ్ళను చూస్తే సంతోషమే. డబ్బిస్తే చాలు, ఎవరబ్బాయివని అడగకుండా ఇచ్చే దుకాణం రావడం చిన్న విషయం కాదు. కానీ అర్ధరూపాయి మాత్రమే ఉన్నవాడికి పెద్దమనిషి పేరొకటి చాలని సైకిలిచ్చి పంపిన ఆ నమ్మకం కూడా చిన్నది కాదు. ఒకే ప్రశ్నలో ఆ నమ్మకమూ ఉంది, ఆ వీధీ ఉంది. ఒకదాన్ని గుర్తుంచుకుని రెండోదాన్ని మరిచిపోతే అది చరిత్ర కాదు, ఉత్త జ్ఞాపకాల మురిపెం.

స్నేహితుడా, ఆలస్యంగానైనా నా జవాబు ఇది. అమ్మాయికి చెప్పు. తాత ఎక్కడ దిగాడో చెప్పు, సాయిబుగారు ఏ హామీ మీద సైకిలిచ్చారో కూడా చెప్పు. నేను దిగకుండా వెళ్ళిన సంగతి కూడా దాచకు.

మిత్రులారా, మీ ఊళ్ళోనూ ఒక అద్దె సైకిళ్ళ షాపు ఉండే ఉంటుంది. అక్కడ మిమ్మల్ని ఏమడిగారో, మీరేం చెప్పారో, ఏ వీధిలో ఎవరు దిగారో, వీలైతే రాసి పెట్టండి. ఖాతా పుస్తకాలు ఎలాగూ మిగలలేదు.